తెలుగు అర్థాలతో ఇంగ్లీషు డిక్షనరీ ఏది కొనాలి?

అందరికీ నమస్కారం. మాది కావలి పక్కన పల్లె. మా అక్క కొడుకు ఏడో తరగతి. బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు కాబట్టి పాఠాలకు ఇబ్బంది లేదు. తంటా అంతా డిక్షనరీతోనే. 'నైఫ్' కోసం 'ఎన్' పేజీలన్నీ తిరగేస్తాడు, అదేమో 'కె'లో ఉంటుంది. 'వెంట్' అంటే 'డబ్ల్యూ'లో దొరకదు. 'గో' దగ్గర చూడాలని వాడికేం తెలుసు? ఫోన్ చేతికిస్తే వాడు చూసేది అర్థాలు కాదులెండి.

ఏ నుంచి జెడ్ దాకా వరసగా, ఉచ్చారణ తెలుగు లిపిలో, ఇలాంటి భూతకాల రూపాలు కూడా విడిగా ఇచ్చిన పుస్తకం ఏదైనా ఉందా? అక్షరం కాస్త పెద్దదైతే మేలు. 19వ శతాబ్దపు బ్రౌన్ దొర నిఘంటువు చూపిస్తే, అందులో తెలుగుకే మళ్ళీ అర్థం అడుగుతున్నాడు. నెల్లూరు ట్రంకు రోడ్డులో దొరుకుతుందా, ఒంగోలు పోవాలా? వాడినవాళ్ళు చెప్పండి.