నాలుగు లక్షలు రేసు కుర్చీకా, బడ్డీ కొట్టుకా?

గట్టుమీదోడు (చర్చ మొదలుపెట్టినవారు)

మాది రాజోలు వైపు ఒక లంక ఊరు. పేరు రాయను, రాస్తే కుర్రాడెవరో తెలిసిపోతుంది. మా హైస్కూలు పూర్వ విద్యార్థుల నిధిలో నాలుగు లక్షల చిల్లర ఉంది. దాన్ని ఏం చేయాలన్న దగ్గర కమిటీ రెండుగా చీలింది. రెండు వారాలుగా వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ. అక్కడ అందరూ ఒకరికొకరు బావలూ బాబాయిలే కాబట్టి ఎవరూ ఉన్నమాట అనరు. అందుకని ఇక్కడ పెడుతున్నాను.

కుర్రాడికి 26 ఏళ్ళు. కొబ్బరి దింపు పని చేసేవాడు. నాలుగేళ్ళ కిందట ముసురులో చెట్టెక్కి, తడి మాను మీద కాలు జారి పడ్డాడు. వెన్నుపూస విరిగింది. నడుం కింద స్పర్శ లేదు. నెలకి 6,000 పింఛను వస్తుంది. ప్రభుత్వం ఇచ్చిన మూడు చక్రాల సైకిలు ఉంది, చేత్తో తిప్పేది. రోజూ తెల్లారకముందే కాలవ గట్టెక్కి దిండి దాకా వెళ్ళొస్తాడు. గాలి కోసం వెళ్తున్నాడేమో అనుకున్నాం. టైము చూసుకుంటూ తొక్కుతున్నాడని తర్వాత తెలిసింది. (తొక్కుతున్నాడు అనకూడదు కదా, తిప్పుతున్నాడు.)

పోయినేడు ఒక ఊళ్ళో 10కె పరుగు పెడితే ఆసుపత్రుల్లో ఉండే మామూలు చక్రాల కుర్చీతో దిగాడు. నిర్వాహకులు పేరు రాసుకున్నారు, టైము మాత్రం రాయలేదు. దండేసి స్టేజీ ఎక్కించి నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. వాడు మైకులో అడిగింది ఒక్కటే: "నాకెంతసేపు పట్టిందండీ?" చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

దూరపు పోటీల చక్రాల కుర్చీ రేసరు కావాలని వాడి కోరిక. దానికి కావలసిన కుర్చీ వేరు. పొడుగ్గా ఉంటుంది, ముందు చిన్న చక్రం ఒకటి, వెనక వాలుగా పెద్దవి రెండు. బయటి దేశం నుంచి తెప్పిస్తే అల్యూమినియందే మా నిధిని ఊడ్చేసేలా ఉంది. కార్బన్ ఫైబర్ వాటి జోలికి వెళ్ళే స్థోమత మాకు లేదు. సగం మంది బడ్డీ కొట్టు పెట్టించి మిగిలింది బ్యాంకులో వేద్దామంటున్నారు. నేను కుర్చీ వైపు. మీరేమంటారు?

ఆక్వా రైతు, మొగల్తూరు

కుర్చీ వద్దండి. నాది కఠినమైన మాటే, కానీ ఎవరో ఒకరు అనాలి.

నాలుగు లక్షల కుర్చీ తెచ్చి ఎక్కడ తిప్పుతాడు? సార్వా కోతలప్పుడు రోడ్డులో సగం ధాన్యం ఆరబోత, దాళ్వా కోతలప్పుడు మళ్ళీ అదే. ఇంటికొక స్పీడు బ్రేకరు. రొయ్యల లారీలు నీళ్ళు కార్చుకుంటూ పోతాయి, ఆ తడిలో మోటారు సైకిళ్ళే జారుతున్నాయి. నేలకి జానెడు ఎత్తున వంగి కూర్చున్నవాడు లారీ డ్రైవరు కంట్లో పడతాడా?

పోనీ పతకం సంగతి చూద్దాం. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మనకి 29 పతకాలు వచ్చాయి. అందులో చక్రాల కుర్చీ పరుగులో వచ్చింది ఒక్కటీ లేదు. కూర్చుని చెక్క దుడ్డు విసిరే క్లబ్ త్రోలో మాత్రం ధరంబీర్‌కి స్వర్ణం వచ్చింది. అలాంటివాటికి వెల్డింగు షాపులో చేయించిన స్టాండు, విసిరే వస్తువు ఉంటే సాధన మొదలవుతుంది. కుర్రాడు చెట్లెక్కినవాడు, భుజబలం ఉంటుంది. ఆటే కావాలంటే అటు పంపండి. లేదూ, కొట్టు పెట్టించండి.

లాకుల దగ్గర

ఆక్వా రైతు గారూ, పతకం ఊసెత్తింది మీరు. ఆ కుర్రాడు టైము అడిగాడు.

1975లో బోస్టన్ మారథాన్‌కి బాబ్ హాల్ అనే ఆయన చక్రాల కుర్చీతో వస్తానన్నాడు. మూడు గంటల లోపు వస్తే అందరికిచ్చే సర్టిఫికెట్ నీకూ ఇస్తామన్నారు. 2 గంటల 58 నిమిషాల్లో వచ్చాడు. ఇప్పటి రేసు కుర్చీ లాంటిది అప్పటికి లేదు, మామూలు కుర్చీకే మార్పులు చేసుకున్నాడు. ఐదేళ్ళు తిరిగేసరికి, 1980లో, అదే దారిలో కర్ట్ బ్రింక్‌మన్ 1 గంట 55 నిమిషాల్లో వచ్చేశాడు. ఆ ఏడు కాళ్ళతో పరిగెత్తి గెలిచినాయనకి పట్టింది 2 గంటల 12 నిమిషాలు. అయినా న్యూయార్క్ మారథాన్‌లో చక్రాల కుర్చీలకి అధికారికంగా ఒక విభాగం 2000లో గానీ రాలేదు. రోడ్డు మీద ప్రమాదం అన్నది అక్కడా చెప్పిన కారణమే. మీరు ఇప్పుడు చెబుతున్నదీ అదే.

ఆక్వా రైతు, మొగల్తూరు

బోస్టన్‌లో రోడ్డు మీద వడ్లు ఆరబోయరు కదండీ.

డల్లాస్ నుంచి

ఆ నిధికి నేనూ 50 వేలు పంపాను. నా ఓటు కుర్చీకే. 2024లో లండన్ మారథాన్ వాళ్ళు చక్రాల కుర్చీ విజేతలకీ, పరిగెత్తి గెలిచినవాళ్ళకీ బహుమతి సొమ్ము సమానం చేశారు. అంటే అది ఉద్యోగం లాంటి కెరీరే, దయాధర్మం కాదు. మనవాడు అందరికీ స్ఫూర్తి అవుతాడు. సంక్రాంతికి నేను వచ్చినప్పుడు ప్రభల తీర్థం దగ్గర అందజేసే కార్యక్రమం పెడదాం.

లాకుల దగ్గర

ఫ్లెక్సీ కూడానా అండీ? కుర్చీ వెడల్పు కన్నా మీ ఫొటో వెడల్పు ఎక్కువ కాకుండా చూడండి.

డల్లాస్ నుంచి

ఇదిగో, ఈ వెటకారం వల్లే ఎవరూ డబ్బులు పంపరు.

ఫిజియో అక్క

వెన్నుపూస దెబ్బ తగిలినవాళ్ళతో పదకొండేళ్ళుగా పని చేస్తున్నాను. కుర్చీయా, కొట్టా అని తేల్చే ముందు ఆ ఒంటి సంగతి ఎవరూ అడగరేం?

అన్నిటికన్నా ముందు దెబ్బ ఎక్కడ తగిలిందన్నది చూడాలి. నడుం దగ్గర, అంటే టి12 చుట్టుపక్కల అయితే పొట్ట, నడుం కండరాలు చాలావరకు పనిచేస్తాయి. పోటీల్లో అలాంటివాళ్ళని టి54లో వేస్తారు. నడుం పట్టు లేకుండా చేతులు మాత్రం బాగున్నవాళ్ళు టి53. చేతుల్లో కూడా బలం తగ్గినవాళ్ళు టి52, టి51. (వెన్నుపూస టి వేరు, పోటీ టి వేరు. మొదటిది రొమ్ము వెనకాల ఉండే వెన్నుపూసలకి, రెండోది ట్రాక్‌కి గుర్తు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు రిపోర్టులో టి12 చూసి అదే పోటీ విభాగం అనుకుంటారు.) కాబట్టి ముందు వర్గీకరణ పరీక్ష ఎలా ఉంటుందో కనుక్కోండి. అది తెలియకుండా కుర్చీ కొంటే కొలత తెలియకుండా చొక్కా కుట్టించినట్టే.

రెండో సంగతి పుండ్లు. రేసు కుర్చీలో కాళ్ళు మడిచి, మోకాళ్ళ మీద వంగి ఉండాలి. స్పర్శ లేని కాలికి ఎక్కడ ఒరుసుకుంటోందో తెలియదు. గంటన్నర సాధన చేసి దిగేసరికి ముడుకు కింద తోలు లేచిపోయి ఉంటుంది. నాకు తెలిసిన ఒకతను రూపాయి బిళ్ళంత పుండుతో నాలుగు నెలలు బోర్లా పడుకున్నాడు. రోజూ రాత్రి అద్దం పెట్టి చూసే మనిషి ఇంట్లో ఉన్నారా?

మూడోది ఎవరూ బయటికి మాట్లాడనిది. క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) పెట్టుకోవడం కష్టమని వీళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. మన కోనసీమ ఉక్కలో, చెమట కారుస్తూ, నీళ్ళు తాగకుండా సాధన చేస్తే నెల తిరక్కుండా మూత్రంలో ఇన్‌ఫెక్షన్, జ్వరం. దెబ్బ రొమ్ము పైభాగంలో ఉన్నవాళ్ళకైతే చెమటే సరిగా పట్టదు, ఒళ్ళు వేడెక్కిపోతుంది. ఈ కుర్రాడికి ఆ బాధ లేకపోవచ్చు.

ఇక భుజాలు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీ మీంచి బాత్రూంలోకి వెళ్ళడానికి అతనికి ఉన్నవి ఆ రెండు భుజాలే. అవి పాడైతే రేసు పోవడం చిన్న మాట, మరుగుదొడ్డికి వెళ్ళడానికి కూడా మనిషి కావాలి. సరిగ్గా నేర్పేవాళ్ళు లేకుండా యూట్యూబ్ చూసి మొదలుపెడితే నేను ఒప్పుకోను.

ఇంత చెప్పాక నేను కొట్టు వైపనుకుంటారేమో. కాదు. రోజంతా కొట్టులో కదలకుండా కూర్చుంటే వచ్చే పుండ్లు ఇంకా ఘోరం.

పాత సైకిలు షాపు, పాలకొల్లు

అక్క గారు వైద్యం చెప్పారు, నేను చక్రాల సంగతి చెబుతాను.

అతను ఇప్పుడు తిప్పుతున్నదానికీ రేసు కుర్చీకీ పోలికే లేదు. ట్రైసైకిల్‌కి చైను ఉంటుంది. రేసు కుర్చీకి చైను, గేర్లు ఉండకూడదు, అది రూలు. చక్రానికి బయటవైపు చిన్న రింగు ఉంటుంది, దాన్నే తోయాలి. పట్టుకుని తిప్పడం కూడా కాదు. గట్టి ప్లాస్టిక్ అచ్చు గ్లౌజులు వేసుకుని గుద్దుతూ పోవాలి. రింగు చిన్నది కాబట్టి బయల్దేరేటప్పుడు సైకిలుని పై గేరులో పెట్టి మొదలుపెట్టినంత బరువు. వేగం అందుకున్నాక ఇక ఆగదు. మార్సెల్ హగ్ అనే రేసరు 2021లో జపాన్‌లోని ఒయిటాలో 42 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని 1 గంట 17 నిమిషాల 47 సెకన్లలో లాగేశాడు. లెక్క వేయండి, గంటకి 32 కిలోమీటర్లు దాటుతుంది. ఆగుతూ ఆగుతూ పోయే మన పల్లెవెలుగు బస్సు సగటు ఎంతో కండక్టరుని అడగండి.

చేతితో తిప్పే చైను బండికి పోటీలు వేరే ఉన్నాయి, సైక్లింగు కిందకి వస్తాయి. నాలుగేళ్ళ అలవాటు దాంట్లో ఉంది కదా, అటు ఎందుకు ఆలోచించకూడదు? స్విట్జర్లాండ్ హైంజ్ ఫ్రై రెండూ చేశాడు. ఆయన కథ ఈ కుర్రాడి కథలాంటిదే. ఇరవయ్యో ఏట కొండ మీద పరుగు పందెంలో పడి వెన్ను విరిగింది. 1999లో, 41 ఏళ్ళ వయసులో, మారథాన్ 1 గంట 20 నిమిషాల 14 సెకన్లలో కొట్టాడు. ఆ రికార్డు హగ్ వచ్చేదాకా 22 ఏళ్ళు నిలిచింది. 63 ఏళ్ళప్పుడు టోక్యో పారాలింపిక్స్‌లో చేతి సైకిలు మీద రజతం. కాబట్టి 26 ఏళ్ళకి ఆలస్యమైందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. దూరపు పోటీల్లో వయసు మెల్లగా అడ్డొస్తుంది.

ఇంకో మాట. కుర్చీని మనిషి ఒంటి కొలతకి కట్టాలి. తొడల వెడల్పులో రెండు వేళ్ళు తేడా వస్తే బలమంతా అటూ ఇటూ ఊగడంలోనే పోతుంది. పటం చూసి ఆర్డరు పెట్టారో, డబ్బు గోదాట్లో పోసినట్టే. ముందు రోలర్ చేయించండి. రెండు డ్రమ్ములు, నాలుగు బేరింగులు, ఇనప ఫ్రేము. వెనక చక్రాలు దాని మీద పెట్టి ఇంట్లోనే తోసుకోవచ్చు. వాన లేదు, వడ్లు లేవు, లారీ లేదు. సామాను డబ్బులు ఇవ్వండి, కూలి నేను తీసుకోను.

ఆక్వా రైతు, మొగల్తూరు

రోలర్ మాట బాగుంది. కొట్టు మీద నా మాట మాత్రం వెనక్కి తీసుకోను. పింఛనుతో ఇల్లు గడవదు.

గట్టుమీదోడు

మూడు రోజులు ఇటు రాలేదు, క్షమించండి. "అసలు ఆ కుర్రాడిని అడిగారా" అని ఇక్కడ ఎవరో అంటారని ఎదురుచూశాను. ఎవరూ అనలేదు. నేనూ అడగలేదన్న సంగతి అప్పుడు తట్టింది. రెండు వారాలు కొట్టుకున్నాం, వాడి ఇంటికి నాలుగు వందల గజాలు. నిన్న సాయంత్రం వెళ్ళాను.

కొట్టు మాట ఎత్తగానే నవ్వాడు. "ఎందుకండి బాబాయ్, ఊళ్ళో ఇప్పటికే ఐదు కొట్లున్నాయి. నా దగ్గర అందరూ అరువు పెడతారు. అడగడానికి మీ గుమ్మాలకి మెట్లాయె, ఎక్కలేను." జవాబు చెప్పలేకపోయాను. మా ఇంటికే ఐదు మెట్లున్నాయి.

కుర్చీ సంగతికి వస్తే, నాలుగు లక్షలూ తన మీద పెట్టొద్దన్నాడు. "రేపు నాకు జ్వరమొచ్చి పడుకుంటే ఊరంతా కుర్చీ చూసి నన్ను తిడతారండి." వాడికి కావలసినవి కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. మంచి కుషన్. గ్లౌజులు. రోలర్ (షాపు గారి పోస్టు చదివి వినిపించాను, మీ ఫోను నంబరు అడిగాడు). శిబిరం ఎక్కడైనా ఉంటే అక్కడి కుర్చీలో ఓ పది రోజులు కూర్చుని చూడటానికి రానూపోనూ ఖర్చులు. చైను బండా, రింగు కుర్చీయా అన్నది అది అయ్యాక చెబుతానన్నాడు. మొత్తం కలిపినా నిధిలో నాలుగో వంతు దాటదు.

కాగితంలో చివరి లైను డబ్బుతో అయ్యేది కాదు. వారానికి రెండు రోజులు, తెల్లారుజామున నాలుగున్నర నుంచి ఆరు దాకా, వెనకాల బండి మీద లైటు వేసుకుని ఎవరైనా రావాలట. చించినాడ వంతెన ఎక్కి దిగాలని వాడి ఆశ. మన డెల్టాలో ఎత్తు ఎక్కాలంటే వంతెనలే కదా. ఒంటరిగా హైవే ఎక్కడానికి వాళ్ళమ్మ ఒప్పుకోవడం లేదు.

ఇది గ్రూపులో పెట్టాను. కుర్చీకి చేతులెత్తినవాళ్ళు, కొట్టుకి చేతులెత్తినవాళ్ళు, అందరూ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఒక్కటీ లేదు. నేను బుధవారం వెళ్తాను. రెండో రోజుకి మనిషి కావాలి.

డల్లాస్ నుంచి

మా తమ్ముడి కొడుకు అక్కడే ఖాళీగా ఉన్నాడు, చెబుతాను. లేస్తాడో లేదో మాత్రం హామీ ఇవ్వలేను.

ఫిజియో అక్క

కుషన్ నాకు చూపించకుండా కొనొద్దు. మెత్తగా ఉంటే మంచిదనుకుని స్పాంజి దిండు తెస్తారు.

ఆక్వా రైతు, మొగల్తూరు

ఆదివారం నేను వస్తాను. చెరువులో ఆక్సిజన్ చూడటానికి ఎలాగూ మూడున్నరకే లేస్తాను, చూసుకుని వంతెన దాటి అటే వచ్చేస్తాను. కుర్చీకి మాత్రం ఇంకా వ్యతిరేకినే, అది రాసి పెట్టుకోండి.

లైటు తెల్లది వేసుకు రమ్మంటారా, పసుపుదా? ఈ సీజన్లో తెల్ల లైటుకి పురుగు ముసురుకుంటుంది. వంగి తోసేవాడికి కళ్ళల్లో పడితే చేతులు ఖాళీ ఉండవు.