చావు గురించి ఆలోచిస్తూ బాగా బతకడం ఎలా?

ఉక్కునగరం సి-షిఫ్ట్:
గత నెల మా సెక్షన్‌లో నా పక్కనే పనిచేసే అన్న గుండెపోటుతో పోయాడు. యాభై కూడా నిండలేదు. రిటైరయ్యాక వదినని అద్దాల బోగీలో అరకు తీసుకెళ్తానని ఎప్పుడూ అనేవాడు. విశాఖ నుంచి నాలుగు గంటల ప్రయాణం! లాకర్ ఖాళీ చేస్తుంటే తలుపు లోపలి వైపు అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ బండి టైమింగుల కాగితం అంటించి ఉంది. అప్పట్నుంచి ఇదే ఆలోచన. ఎవరికి చెప్పినా 'అలాంటివి తలుచుకోకు' అంటున్నారు. నాకు మరిచిపోవాలని లేదు. తలుచుకుంటూనే బాగా బతకడం ఎలాగో చెప్పండి.

బీచ్‌రోడ్ వాకర్:
టెన్షన్ పెట్టుకోకండి బ్రదర్. ముందు బీపీ, షుగర్ చూపించుకోండి.

భీమిలి తాతయ్య:
బాబూ, మరిచిపోవడం దానంతటదే జరుగుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను గాలికి తలుపు ఊడిపోతుంటే నేనూ మా ఆవిడా వీపులు ఆనించి కూర్చున్నాం. తర్వాత కరెంటు లేని రోజుల్లో వీధంతా ఒక్క ఇల్లయిపోయింది. నాతో మాటలు మానేసిన తమ్ముడు కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కరెంటు వచ్చింది, ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నారు. బౌద్ధంలో మరణానుస్మృతి అని ఉంది. ఈ ఊపిరి తర్వాత ఇంకోటి ఉంటుందో లేదో అని తలుచుకోవడం. ఒక్కసారికి నిలవదు, రోజూ చేయాలి. నేను ఇక్కడి పాత బౌద్ధారామం తొట్లకొండ ఎక్కినప్పుడల్లా చేస్తాను.

నైట్ డ్యూటీ సిస్టర్:
అన్నయ్యా, నేను ఐసీయూలో పనిచేస్తాను. వెంటిలేటర్ పెట్టాలా వద్దా అని అర్ధరాత్రి కారిడార్‌లో అన్నదమ్ములు గొడవపడటం చూస్తుంటాను. నాన్నకి ఏది ఇష్టమో ఒక్కరికీ తెలియదు, ఎందుకంటే ఆ మాట ఇంట్లో ఎప్పుడూ రాలేదు. అందుకే ఆలోచన మనసులో ఉంచుకోకండి, ఇంట్లోవాళ్ళతో అనండి.

స్పృహ లేనప్పుడు మనకి ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే లివింగ్ విల్‌ని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం చాలు. నేను నాది రాస్తుంటే మా ఆయన అలిగి లేచి వెళ్ళిపోయారు. అత్తయ్య అశుభం అన్నారు. ఆ రాత్రి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆవిడే మెల్లగా అన్నారు, 'నాకు మాత్రం గొట్టాలు పెట్టకండమ్మా, ఇంట్లోనే ఉంచండి' అని. అక్కణ్ణుంచి వాళ్ళమ్మ ఎలా పోయిందో, పుట్టింటి చేను ఎలా అమ్మేశారో అన్నీ చెప్పుకొచ్చారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఇప్పుడు డ్యూటీ నుంచి వచ్చాక నిద్రకి ముందు ఆవిడ దగ్గర కాసేపు కూర్చోందే నాకు తోచదు.

ఉక్కునగరం సి-షిఫ్ట్:
థాంక్స్ చెల్లెమ్మా. ఆదివారం మా ఆవిడతో మాట్లాడతాను. అరకు టికెట్లు కూడా చూస్తున్నాను, వదినని, పిల్లల్ని రమ్మని అడుగుతాం. సాక్షులుగా ఇంట్లోవాళ్ళు ఉండొచ్చా?

నైట్ డ్యూటీ సిస్టర్:
బయటివాళ్ళయితే మంచిది. మీకు స్పృహ లేనప్పుడు మీ తరఫున ఎవరు మాట్లాడాలో వాళ్ళ పేరు తప్పకుండా రాయండి. ఒకరికంటే ఎక్కువమందివి కూడా రాయొచ్చు.