కేదార్‌కంఠ ట్రెక్: విజయవాడ వాళ్ళం, డిసెంబర్ మంచులో ఎక్కగలమా?

కృష్ణలంక_రమ

అందరికీ నమస్కారం. నాకు 44 ఏళ్ళు, మావారికి 49. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కి ముగ్గురం కలిసి వెళ్దామని మా అబ్బాయి పట్టుబట్టి కూర్చున్నాడు. డిసెంబర్ చివర్లో, గైడ్లు ఉండే గ్రూపుతో. శిఖరం 12,500 అడుగులట. తాళ్ళు పట్టుకుని ఎక్కే పనేమీ లేదు, మొత్తం నడకే అంటున్నారు. నాకూ వెళ్ళాలని చాలా ఉంది. కానీ మేం పుట్టి పెరిగిందంతా ఈ ఎండల్లోనే, మంచు ఇంతవరకు కళ్ళతో చూసింది లేదు. మావారు బీపీకి రోజూ మాత్ర వేసుకుంటారు. ఆయన రావచ్చా? ఇక్కడ ఉండే ఎలా తయారవ్వాలి? బ్యాగులు మేమే మోసుకోవాలా? అన్నిటికంటే, పైన ఊపిరి ఆడకపోతే ఏం చేస్తారన్నదే నా టెన్షన్. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

గుంటూరు_బాటసారి

రమ గారూ, నిశ్చింతగా వెళ్ళొచ్చండి, ఈ వయసు అడ్డేం కాదు. కాకపోతే "మొత్తం నడకే" అన్న మాట పట్టుకుని ఏ తయారీ లేకుండా మాత్రం వెళ్ళొద్దు.

దెహ్రాదూన్ నుంచి సాంక్రి అనే ఊరికి సుమారు 200 కిలోమీటర్లు, మస్సూరీ, పురోలా, మోరీ మీదుగా. రోజంతా ఘాట్ రోడ్డే, వాంతుల మాత్ర దగ్గర పెట్టుకోండి. సాంక్రి 6,400 అడుగుల ఎత్తులో ఉంటుంది. నడక అక్కడి నుంచి మొదలు. మొదటి రాత్రి జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర, అంటే 9,000 అడుగులు దాటాక, టెంట్లో. తర్వాతి రాత్రి 11,000 దాటిన బేస్ క్యాంపులో. శిఖరం ఎక్కే రోజు తెల్లవారుజామున మూడింటికే బయల్దేరదీస్తారు. ఆ వేళకి చలి మైనస్ పది కిందకి కూడా పోతుంది.

అందరూ ఆ ఎక్కడం గురించే భయపడతారు. నేను చూసినంతలో మనవైపు వాళ్ళని ఎక్కువ ఇబ్బంది పెట్టేది దిగడం. శిఖరం నుంచి బేస్ క్యాంపుకి వచ్చి, తిని, అదే రోజు ఇంకా కిందున్న క్యాంపుకి దిగిపోతారు. మొత్తం మూడు వేల అడుగులకు పైనే దిగుడు, అదీ మంచులో జారుతూ. తొడలు వణుకుతాయి, మోకాళ్ళు పట్టేస్తాయి, బూటు ముందు భాగానికి కాలివేళ్ళు కొట్టుకుని గోళ్ళు నల్లబడతాయి (వెళ్ళే ముందు గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి, ఇది చాలామందికి తట్టదు). బ్యారేజీ మీద రోజూ వాకింగ్ చేస్తున్నాం కదా అనుకుంటే సరిపోదు, అది చదును నేల.

మీకు ఇంద్రకీలాద్రి మెట్లు దగ్గరే కదా, తెల్లవారకముందే వెళ్ళి ఎక్కి దిగండి. ఆదివారాలు మంగళగిరి కొండ మెట్లు గానీ కొండపల్లి గానీ పెట్టుకోండి. కోటప్పకొండ మెట్ల దారి ఇంకా మంచిది. ఎక్కాక ఆటోలో దిగిపోకుండా, నెమ్మదిగా కాళ్ళమీదే దిగండి. కొన్నాళ్ళు అలవాటయ్యాక బ్యాగులో నీళ్ళ సీసాలు వేసుకుని ఆరేడు కిలోల బరువుతో చేయండి. బూట్లు ఇప్పుడే కొని ఈ మెట్లమీదే అరగదీయండి. కొత్త బూట్లతో సాంక్రిలో దిగితే మొదటి రోజే బొబ్బలు.

బ్యాగు విషయంలో నా అభిప్రాయం, ఎవరి బ్యాగు వాళ్ళే మోసుకోవాలి. ముగ్గురిదీ సర్దేటప్పుడే ఏది అవసరమో ఏది కాదో తెలిసొస్తుంది.

డాక్టర్_అరండల్‌పేట

ఊపిరి, బీపీ గురించి నేను చెప్తాను. ఎత్తుకి వెళ్ళినా గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, 21 శాతమే ఉంటుంది. తగ్గేది గాలి పీడనం. 12,500 అడుగుల దగ్గర అది మన విజయవాడలో ఉండేదానిలో మూడింట రెండు వంతుల కన్నా కాస్త తక్కువ. అంటే ప్రతి శ్వాసకీ అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. శరీరం వేగంగా ఊపిరి తీసుకుని సర్దుకుంటుంది గానీ, అందుకు సమయం కావాలి. ఎంత ఫిట్‌గా ఉన్నారన్నదానికీ దీనికీ సంబంధం తక్కువ. మీ అబ్బాయికి ఎత్తు వల్ల జబ్బు రాకూడదనేం లేదు, కుర్రాళ్ళు తొందరగా నడిచేసి అందరికంటే ముందు జబ్బుపడటం చాలా మామూలు.

8,000 అడుగులు దాటాక తలనొప్పి, దానికి తోడు వికారం, నీరసం, కళ్ళు తిరగడం ఉంటే దాన్ని ఎత్తు వల్ల వచ్చిన జబ్బుగానే తీసుకోవాలి. నిద్ర లేక వచ్చిందనో గ్యాస్ అనో సర్దిచెప్పుకోవద్దు. ఆ రోజు ఇంక పైకి వెళ్ళకూడదు. మనిషి తూలుతూ నడుస్తుంటే, తికమకగా మాట్లాడుతుంటే, లేదా కూర్చున్నా ఆయాసం తగ్గకుండా దగ్గు వస్తుంటే, రాత్రి అయినా సరే కిందకి దించేయాలి. మందు, ఆక్సిజన్ సిలిండర్ దించేలోపు సాయపడేవే, దించడానికి బదులు కాదు.

10,000 అడుగులు దాటాక ఒక రాత్రి పడుకున్న చోటికీ మర్నాటి రాత్రి పడుకునే చోటికీ తేడా 500 మీటర్లు, అంటే సుమారు 1,600 అడుగులు మించకూడదన్నది పద్ధతి. పైన బాటసారి గారు చెప్పిన ప్లాన్‌లో అది దాటుతోంది. అందుకే మధ్యలో ఇంకో రాత్రి ఆగే గ్రూపు దొరికితే వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా అదే ఎంచుకోండి.

ఈ జబ్బు రాకుండా అసిటజోలమైడ్ అనే మాత్ర చాలామంది వేసుకుంటారు. ముందు జాగ్రత్తకైతే మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోకూడదు. మీవారికి బీపీ అన్నారు, అదుపులో ఉంటే ఆయన వెళ్ళడానికి ఇబ్బందేం లేదు. కానీ ఏ మాత్ర అన్నది ముఖ్యం. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటివైతే గుండె వేగం పెరగనివ్వవు, ఎక్కేటప్పుడు తొందరగా అలసిపోతారు. మూత్రం ఎక్కువ చేసే మాత్ర ఉంటే ఒంట్లో నీళ్ళు తగ్గిపోతాయి. మీ డాక్టర్‌కి ఊరి పేరు, ఎత్తు, తేదీలు అన్నీ చెప్పి, 49 ఏళ్ళు కాబట్టి గుండె పరీక్ష కూడా చేయించుకుని వెళ్ళండి. మాత్రలు మాత్రం సొంతంగా మానేయొద్దు.

తెనాలి_శైలజ

బ్యాగు గురించి బాటసారి గారితో నేను ఒప్పుకోను. కంచర గాడిదల మీద పంపించే ఏర్పాటు ఉంటుంది, డబ్బు కట్టి పంపించేయండి. మోకాళ్ళు కాపాడుకోవడమే ముఖ్యమైతే పది కిలోలు వీపున వేసుకుని మంచులో దిగడం ఎందుకు? నీళ్ళు, రెయిన్ కోటు, ఒక వెచ్చటి జాకెట్, తినేవి, మాత్రలు చిన్న బ్యాగులో మీ దగ్గరే ఉండాలి, అంతవరకే.

ఆడవాళ్ళకి ఎవరూ చెప్పని సంగతులు కొన్ని. టాయిలెట్ అంటే గుంత తవ్వి చుట్టూ చిన్న టెంటు వేస్తారు. రాత్రి చలిలో బయటికి రావాలని నీళ్ళు తాగడం మానేస్తాం, తలనొప్పికి అదీ ఒక కారణమే. నీళ్ళు తాగండి, లేవాల్సి వస్తే లేవండి. పీరియడ్స్ తేదీ దగ్గరుంటే ప్యాడ్లు సరిపడా పెట్టుకోండి, వాడినవి కవర్లో చుట్టి కిందకి తెచ్చేయాలి. నూలు బట్టలు, జీన్స్ వద్దు, చెమటకి తడిసి ఆరవు, ఆగగానే ఒళ్ళు గడ్డకట్టినట్టు ఉంటుంది. ఒంటికి అతుక్కునే థర్మల్స్, పైన ఫ్లీస్ (ఉన్నిలాంటి వెచ్చటి జాకెట్), దానిపైన గాలి చొరబడని జాకెట్. నీళ్ళ సీసా, ఫోను రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి, లేకపోతే నీళ్ళు గడ్డకడతాయి, చార్జింగ్ పడిపోతుంది. పైకి వెళ్ళేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, వాళ్ళు పెట్టే పప్పు, రొట్టె లోపలికి దిగదు. కరివేపాకు పొడి, కాస్త ఆవకాయ తీసుకెళ్ళండి, వేడి అన్నంలో అవే నాలుగు ముద్దలు తినిపిస్తాయి.

ఇంకొకటి. మేం వెళ్ళినప్పుడు శిఖరం ఇంకా అరగంట దూరం ఉందనగా గాలి మొదలైంది, గైడ్ అందర్నీ వెనక్కి తిప్పాడు. కొందరు గొడవపడ్డారు, ఇంత డబ్బు పెట్టి వచ్చామని. నాకు మాత్రం ఆ గైడ్ మీద ఎంతో గౌరవం కలిగింది. 2024 జూన్‌లో అదే ఉత్తరాఖండ్‌లో సహస్రతాల్ ట్రెక్‌కి వెళ్ళిన కర్ణాటక బృందం మంచు తుఫానులో చిక్కుకుని 9 మంది చనిపోయారు. అది వేసవి, పైగా అదీ నడక దారే. అందుకే బుక్ చేసే ముందు రేటు సంగతి తర్వాత, ఇవి అడగండి: ఎంతమందికి ఒక గైడ్, ఆక్సిజన్ సిలిండర్ పైదాకా వస్తుందా, ఒకరికి బాగోలేకపోతే వాళ్ళతో ఎవరు దిగుతారు, ఎన్ని గంటలకల్లా శిఖరం చేరకపోతే తిప్పేస్తారు. సూటిగా జవాబు చెప్పనివాళ్ళతో వెళ్ళొద్దు.

కృష్ణలంక_రమ

అందరికీ చాలా థాంక్స్. మావారి మాత్ర చూశాను, టెల్మిసార్టాన్ అని ఉంది. సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. బ్యాగులు గాడిదల మీద పంపాలనే అనుకుంటున్నాం, మా వాడు మాత్రం తనది తనే మోస్తానంటున్నాడు. నా భయం ఏంటంటే, వాడు తలనొప్పి వచ్చినా చెప్పడు, అలాంటి రకం.

గుంటూరు_బాటసారి

అయితే ఆ మాట మొదటి రోజే గైడ్‌తో వాడి ఎదురుగానే చెప్పండి. రోజూ సాయంత్రం వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూసే గ్రూపులు ఉన్నాయి, అలాంటిది అయితే మంచిది. కానీ ఆ అంకె బాగుందని తలనొప్పిని పట్టించుకోకపోవడం మాత్రం వద్దు. శైలజ గారు బ్యాగు గురించి చెప్పింది మీ విషయంలో సబబే, మీవారికి బీపీ కూడా ఉంది కాబట్టి.

బేస్ క్యాంపు దాటి పైకి వస్తుంటే స్వర్గారోహిణి పర్వతం కనబడుతుంది, 6,252 మీటర్లు. పాండవులు స్వర్గానికి నడిచిన దారి అదేనని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. మీ గ్రూపు శిఖరం దాకా వెళ్ళినా వెళ్ళకపోయినా అది చూడటానికైనా వెళ్ళాలి.

రైలు గురించి ఒక మాట. జీటీ గానీ ఏపీ గానీ ఎక్కి ఢిల్లీలో దిగి అదే రోజు దెహ్రాదూన్ బండికి టికెట్ తీసుకోకండి. డిసెంబర్‌లో ఉత్తరాదిన పొగమంచుకి రైళ్ళు గంటల తరబడి లేటవుతాయి, సాంక్రి బండ్లేమో దెహ్రాదూన్‌లో తెల్లారే బయల్దేరతాయి. మధ్యలో ఒక రోజు ఖాళీ పెట్టుకోండి. క్రిస్మస్ వారంలో బాగా రద్దీ, సెలవులు కుదిరితే జనవరిలో సంక్రాంతి అయ్యాక చూసుకోండి, మంచు కూడా అప్పటికి ఇంకా బాగా పడి ఉంటుంది.