రైజెన్ 5 3600కి థర్మల్ పేస్ట్ మార్చాలి, కూలర్ తీయాలంటే భయంగా ఉంది

ఖమ్మం_కోడర్:
అందరికీ నమస్తే. నా పీసీలో ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 5 3600, దాంతోపాటు బాక్సులో వచ్చిన రెయిత్ స్టెల్త్ కూలరే ఇప్పటికీ వాడుతున్నా, 2020లో కొన్నప్పటి నుంచి ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే పేస్ట్ మార్చింది లేదు. ఈ ఎండలు మొదలయ్యాక బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ పెడితే చాలు టెంపరేచర్ 95 దాకా పోతోంది, ఫ్యాన్ మోత పక్క గదిలోకి వినబడుతోంది, క్లాక్ స్పీడ్ కూడా పడిపోతోంది. దుమ్మంతా బ్లోయర్‌తో కొట్టా, కొంచెం తగ్గింది గానీ పెద్ద తేడా ఏం లేదు. ఇక పేస్టే అనుకుని ఆర్కిటిక్ ఎంఎక్స్-4 అనే పేస్ట్ తెప్పించా. మధ్యలో చుక్క పెట్టాలా, ఎక్స్ గీయాలా, కార్డుతో మొత్తం పూయాలా? ఒక్కో వీడియోలో ఒక్కోలా చెప్తున్నారు. ఎక్కువై కారితే బోర్డు షార్ట్ అవుతుందా? కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేస్తుందని ఎక్కడో చదివా, నిజమేనా? నా పనంతా ఈ పీసీ మీదే, పాడైతే కొత్తది కొనే పరిస్థితి లేదు, అందుకే ఇన్ని అడుగుతున్నా.

ఓరుగల్లు_హార్డ్‌వేర్:
తమ్మీ, చుక్కనా ఎక్సా అన్నది తర్వాతి ముచ్చట, ముందు కూలర్ తీసుడు గురించి ఇను. నువ్వు చదివింది నిజమే. నీ ప్రాసెసర్ కూసునే సాకెట్ పేరు ఏఎం4, దీంట్ల పిన్నులు ప్రాసెసర్ కిందనే ఉంటయి, 1331 పిన్నులు. ఇంటెల్ లెక్క పైనించి ఒత్తిపట్టే ఇనుప ఫ్రేమ్ ఉండదు, పక్కన లివర్ ఒక్కటే. ఏండ్ల కింది పేస్ట్ గట్టిపడి రెండిటిని అతుకబెడతది, అప్పుడు నిలువుగ గుంజితే లివర్ లాక్ అయ్యున్నా సరే ప్రాసెసర్ కూలర్‌కి అంటుకొని బయటికొస్తది. మా షాపుకొచ్చే వంగిన పిన్నుల కేసులల్ల ఎక్కువ ఇట్లయినయే.

అందుకే ముందు ఒక పది పదిహేను నిమిషాలు రెండర్ పెట్టి బాగ వేడెక్కనియ్యి, తర్వాత షట్‌డౌన్ చేసి ప్లగ్గు పీకి కేస్‌ని పండవెట్టు. వేడి పోకముందే స్క్రూలు ఇప్పు, ఒక్కటే మొత్తం ఇప్పకు, దీనికి రెండు తిప్పులు దాని ఎదురు మూలదానికి రెండు తిప్పులు, అట్ల. స్టెల్త్ స్క్రూలు బోర్డు ఎనుక బ్యాక్‌ప్లేట్‌లకి పోతయి, ఊడినంక ఆ ప్లేట్ జారిపోతది, అందుకే ముందే ఎనుక డోర్ తీసి అక్కడ గుడ్డ మడిచి అడ్డం పెట్టుకో. ఫ్యాన్ వైర్ తీసుడు మర్వకు. ఇగ కూలర్‌ని పైకి లేపకు, ఎడమకు కుడికి మెల్లగ తిప్పు, పట్టు ఇడిసినట్టు చేతికే ఎరుకైతది, అప్పుడు లేపు. ఒకవేళ అంటుకొనే వచ్చిందనుకో, స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలియ్యకు, హెయిర్ డ్రయ్యర్‌తోని కూలర్ దిక్కు వేడి చేసి మళ్ల పక్కకే తిప్పు. ప్రాసెసర్‌ని మళ్ల సాకెట్ల పెట్టేటప్పుడు లివర్ లేపి, బంగారు త్రిభుజం గుర్తులు కలిపి వదిలితే దానంతట అదే కూసుంటది, ఒత్తేది అస్సలు లేదు.

గోదారి_బిల్డ్స్:
పైన అన్నయ్య చెప్పింది రెండుసార్లు చదువుకోండి, ఈ పనిలో నిజంగా ప్రమాదం ఉన్నది అక్కడే. పేస్ట్ వేయడం అంత భయపడాల్సింది కాదండి. చుక్కైనా ఎక్సైనా కూలర్ ఒత్తిడికి అదే పరుచుకుంటుంది, రెండు పద్ధతుల్లోనూ వేసి చూశాను, చెప్పుకోదగ్గ తేడా నాకు కనబడలేదు. కాకపోతే 3600 మూత కింద ఎక్కువ వేడెక్కే చిన్న చిప్, అంటే కోర్లున్న చిప్లెట్, సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది, పక్కనే ఐఓ డై అనే ఇంకో చిప్ ఉంటుంది. అందుకని నేను మధ్యలో బఠాణీ గింజంత పెట్టి నాలుగు మూలల వైపు చిన్న చిన్న చుక్కలు పెడతాను. ఎంఎక్స్-4లో లోహం లేదు, కరెంట్ పాస్ కాదు, కొంచెం కారినా షార్ట్ అవ్వదు, తుడుచుకోవడం చిరాకు తప్ప. తక్కువ వేస్తేనే ఇబ్బంది.

ప్రాసెసర్‌ని సాకెట్‌లోనే ఉంచి పాతది మొత్తం తుడవాలి, కూలర్ అడుగున కూడా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మేచోట ఐపీఏ అంటే ఇస్తారు. శానిటైజర్ వద్దండి, చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, పొరలా మిగిలిపోతుంది. కూలర్‌ని తిన్నగా ఒకేసారి దించండి, దించాక మళ్ళీ ఎత్తి చూడకండి, ఎత్తితే గాలి చేరుతుంది, అప్పుడు మళ్ళీ తుడిచి కొత్తగా వేసుకోవాల్సిందే. బిగించడం కూడా మూలమూలకి కొంచెం కొంచెం, స్క్రూ దానంతట అది ఆగేదాకా, అంతే.

ఖమ్మం_కోడర్:
థాంక్యూ అన్నా, థాంక్యూ అండి. ఇంకో రెండు డౌట్లు. మా వీధిలో టీవీలు బాగుచేసే ఆయన తెల్ల పేస్ట్ ట్యూబ్ ఇచ్చాడు, దీనికి అది వేసేసి ఎంఎక్స్-4 ల్యాప్‌టాప్‌కి ఉంచుకోవచ్చా? మా ఫ్రెండేమో పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ (ద్రవంగా ఉండే లోహం) వేస్తే ఇంకా తగ్గుతుందంటున్నాడు.

పాలమూరు_ల్యాబ్:
లిక్విడ్ మెటల్ మాట మర్చిపో బ్రో. అందులో ఉండేది గాలియం, అది అల్యూమినియాన్ని తినేస్తుంది, స్టెల్త్ అడుగు మొత్తం అల్యూమినియమే, రాగి లేదు. పైగా కరెంట్ పాస్ అవుతుంది, ఒక్క బొట్టు బోర్డు మీద పడితే కథ వేరే.

తెల్లది ట్రాన్సిస్టర్లకి వేసే సిలికాన్ కాంపౌండ్, కొద్దిరోజులు పనిచేస్తుంది కానీ నీలా గంటలు గంటలు రెండర్ పెట్టేవాళ్ళకి వద్దు. అసలు పేస్ట్ పని ఏంటంటే రెండు లోహాల మధ్య కంటికి కనబడని గుంటల్లో గాలిని బయటికి నెట్టడం. వేడిని మోయడంలో (వాట్/మీటర్-కెల్విన్ లెక్కలో) గాలి విలువ 0.026, ఎంఎక్స్-4కి కంపెనీ చెప్పేది 8.5, అల్యూమినియంది 200 పైనే. అంటే గాలి కంటే పేస్ట్ వందల రెట్లు మేలు, కానీ లోహంతో పోలిస్తే చాలా వెనక, అందుకే గుంటలు నిండేంత పల్చటి పొర చాలు. ల్యాప్‌టాప్‌లో చిప్ (డై) మీద లోహపు మూత ఉండదు, పల్చటి పేస్టులు కొన్నాళ్ళకి పక్కలకి జరిగిపోతాయి, దానికి హనీవెల్ పీటీఎం7950 షీట్ చూడు, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి కూర్చుంటుంది.

ఇంకోటి, పేస్ట్ మార్చగానే 60కి వస్తుందని అనుకోకు. గది 26 డిగ్రీల నుంచి 36కి పెరిగితే చిప్‌లో కూడా దాదాపు ఆ 10 డిగ్రీలు అట్లాగే పెరుగుతాయి. 95 అనేది ఏఎండీ పెట్టిన హద్దు, అక్కడికి వస్తే అదే స్పీడ్ తగ్గించుకుంటుంది, కాలిపోదు. ఎండాకాలం ఈ చిన్న కూలర్‌తో ఫుల్ లోడ్‌లో 80 పైన ఉంటే మామూలే. అప్పటికీ తగ్గకపోతే ఏఎండీ వాళ్ళ రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్‌లో ఎకో మోడ్ పెట్టు, 65 వాట్ల చిప్ 45 వాట్ల లెక్కన నడుస్తుంది, రెండర్ కాస్త ఆలస్యం అంతే.

ఖమ్మం_కోడర్:
అన్నా అయిపోయింది! వేడిమీద తిప్పితే టక్కున పట్టు వదిలింది, ప్రాసెసర్ కదల్లేదు. పాత పేస్ట్ సున్నంలా పొడిపొడిగా రాలింది. అదే ఫైల్ రెండర్ పెడితే ఇప్పుడు 84 దగ్గర ఆగుతోంది. కానీ ఊరికే ఉన్నప్పుడు 42 నుంచి ఒక్కసారిగా 55కి ఎగిరి మళ్ళీ దిగుతోంది, సరిగ్గా కూర్చోలేదంటారా?

గోదారి_బిల్డ్స్:
బాగానే కూర్చుందండి, లేకపోతే రెండర్‌లో 84 దగ్గర ఆగదు. రైజెన్ 3000 సిరీస్‌ది అది అలవాటే, బ్రౌజర్ తెరిచినా సరే ఒక కోర్ క్షణంపాటు ఫుల్ స్పీడ్‌కి (బూస్ట్) వెళ్ళొస్తుంది. ఫ్యాన్ ఊరికే లేచి దిగుతూ చిరాకు పెడుతుంటే బయోస్‌లో (పీసీ ఆన్ అవగానే వచ్చే బోర్డు సెట్టింగ్స్) ఫ్యాన్ కర్వ్‌ని 60 డిగ్రీల దాకా స్పీడ్ మారకుండా ఒకేలా పెట్టుకోండి.