కింక్స్: ఆ గరగర గిటార్ బ్యాండూ, 'వాటర్లూ సన్‌సెట్' బ్యాండూ ఒకటేనా?

రాత్రిపాట:
'యూ రియల్లీ గాట్ మీ' విని, సరే, ఇది గోల బ్యాండ్ అనుకున్నాను. నిన్న 'వాటర్లూ సన్‌సెట్' విన్నాను. 1964కీ 1967కీ మధ్య వీళ్లకి ఏమైంది? ఇంకా వినాలంటే హిట్స్ కలెక్షన్ సరిపోతుందా?

పాత క్యాసెట్:
ఒకటేనండీ. ఉత్తర లండన్ మస్వెల్ హిల్ అన్నదమ్ములు. పాటలు రాసి పాడేది ఎక్కువగా అన్న రే డేవిస్, గిటార్ తమ్ముడు డేవ్. మీరన్న గోల తమ్ముడి పుణ్యమే. గరగర పుట్టించే పెడల్ లేదు, గిడల్ లేదు. చిన్న యాంప్లిఫయర్ స్పీకర్‌లోని కాగితపు కోన్‌ని బ్లేడుతో కోసేశాడు. చిరిగిన కాగితం అదిరితే వచ్చే చప్పుడది. ఆ పాటలో గిటార్ సోలో అప్పటి స్టూడియో గిటారిస్ట్ జిమ్మీ పేజ్ వాయించాడని ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. కాదు, పదిహేడేళ్ల డేవే.

మారడానికి కారణం, నన్నడిగితే, అమెరికా. 1965 వేసవిలో అక్కడ టూర్‌కెళ్లి గొడవలు తెచ్చుకున్నారు. ఆ తర్వాత నాలుగేళ్లు అక్కడి మ్యుజీషియన్ల యూనియన్ వీళ్లకి పర్మిట్ ఇవ్వలేదు. మిగతా బ్రిటిష్ బ్యాండ్లు అక్కడ డబ్బు చేసుకుంటుంటే వీళ్లు ఇంటిపట్టునే. దాంతో రే చూపు ఇంగ్లండ్ మీద పడింది. 'సన్నీ ఆఫ్టర్‌నూన్'లో ట్యాక్సుల వాళ్లు ఊడ్చేయగా పెద్ద బంగళాలో మిగిలిన బద్ధకపు దొర. 'వాటర్లూ'లో కిటికీలోంచి థేమ్స్‌నీ, స్టేషన్ దగ్గర కలుసుకునే జంటనీ చూస్తూ కూర్చునే ఒంటరివాడు.

హిట్స్ చాలవు. 'విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ' ఆల్బమ్ మొత్తం వినండి. పాపం, బీటిల్స్ 'వైట్ ఆల్బమ్' వచ్చిన రోజే వచ్చింది, 1968 నవంబర్ 22. ఇంక దీన్నెవరు కొంటారు? బ్రిటన్‌లో చార్టే ఎక్కలేదు.

తాళం తప్పిన డ్రమ్మర్:
అంతా అమెరికా మీదికి తోసేస్తే ఎలా? 'సీ మై ఫ్రెండ్స్' సంగతేంటి? 1965 మొదట్లో, అంటే ఆ టూర్‌కి ముందే, ఆస్ట్రేలియా వెళ్తూ బొంబాయిలో ఆగినప్పుడు జాలర్ల పాట విని రాశానని రేనే చెప్పాడు. సితార్ లేకుండా, గిటార్‌తోనే తంబురాలాంటి శ్రుతి. ఇక గొడవలంటారా, వాటికి అమెరికా దాకా ఎందుకు! అదే ఏడాది మే నెలలో కార్డిఫ్‌లో స్టేజీ మీదే డ్రమ్మర్ మిక్ ఏవరీ డేవ్ తల పగలగొట్టాడు.

పాత క్యాసెట్:
'సీ మై ఫ్రెండ్స్' విషయంలో మీ మాటే రైటు, ఆ బీజం ముందే ఉంది. కానీ అమెరికా తలుపులు తెరిచి ఉంటే రే 'విలేజ్ గ్రీన్' రాసేవాడా? నాకైతే నమ్మకం లేదు.

రాత్రిపాట:
'లోలా' ఎప్పటిది మరి?

పాత క్యాసెట్:
1970. ఆంక్ష ఎత్తేశాక అమెరికాలో వీళ్లని మళ్లీ నిలబెట్టిన పాట. అమ్మాయా అబ్బాయా తేలని మనిషి మీద పాట కదా, దానికి బీబీసీ పట్టుకున్నది మాత్రం కూల్‌డ్రింక్ పేరుని! ప్రకటన కిందికి వస్తుందట. రే అమెరికా టూర్ మధ్యలో విమానమెక్కి లండన్ వచ్చి, 'కోకాకోలా' తీసేసి 'చెర్రీ కోలా' అని పాడి వెళ్లాడు. ఆల్బమ్‌లో మాత్రం కోకాకోలానే ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి వినండి.