పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ వార్‌క్రాఫ్ట్: పాతదా, కొత్తదా?

అందరికీ నమస్కారం. డల్లాస్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో, 2008 చివరి నుంచి 2010 వేసవి దాకా, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ పిచ్చిగా ఆడాను. ఆ గేమ్‌లో లిచ్ కింగ్ అనే భాగం నడిచిన కాలం అది. ఉద్యోగం వచ్చాక నెల చందా ఆపేశాను.

2024లో ఒక రాత్రి పాత పాస్‌వర్డ్ గుర్తొచ్చి లాగిన్ అయితే, నా డ్వార్ఫ్ హంటర్ (నేను ఆడిన మరుగుజ్జు వేటగాడి పాత్ర) చెక్కుచెదరకుండా అక్కడే ఉన్నాడు! కాకపోతే 80వ లెవెల్ కాస్తా 30 అయింది. 2020లో లెవెళ్లన్నీ కుదించారట. ఆ 80 కోసం ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నానో మా రూమ్మేట్‌ని అడగాలి.

చందా లేకుండా 20వ లెవెల్ దాటినవాడితో ఆడనివ్వరు. నెలకు 15 డాలర్లు పెద్ద విషయం కాదు, టైమే అసలు టెన్షన్. పాప పడుకున్నాక రాత్రి గంట దొరికితే గొప్ప.

ఒకే చందాతో క్లాసిక్, అంటే గేమ్ పాత రూపం కూడా ఆడొచ్చని తెలుసు. కానీ నా హంటర్ అక్కడికి రాడు, ఒకటో లెవెల్ నుంచి మొదలుపెట్టాలి. కొత్త దాంట్లో వాడున్నాడు గానీ బాణాలు కొనే పనే లేదు, హంటర్ వాడే శక్తి మానా పోయి ఫోకస్ అనేది వచ్చింది, స్క్రీన్ మీద సగం బటన్లు నాకు అర్థం కావడం లేదు.

నాలాగా చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రోజుకు గంటతో ఏది నయం? పాత హంటర్‌నే పట్టుకోవాలా, కొత్తవాణ్ణి చేసుకుని మళ్లీ నేర్చుకోవాలా? తాజా భాగం ఇప్పుడే కొనాలా, చందాతో వచ్చే పాతవి చాలా?