అప్‌డేట్: ఈఎఫ్ 60 ఉన్నా అమ్మది హార్ట్ ఫెయిల్యూరే అన్నారు

అమ్మకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్ల వాపు, బీపీ 170/70, అయినా ఎకోలో (గుండె స్కాన్) ఈఎఫ్, అంటే గుండె ఒక్కసారి పిండినప్పుడు అందులోని రక్తంలో ఎంత శాతం బయటకు పంపుతుందనే లెక్క, 60 శాతం, నార్మల్ అని రాశారు, ఇదెలా అని ఇంతకుముందు అడిగాను కదా. పై బీపీకి, కింది బీపీకి అంత తేడా ఉంటే రక్తనాళాలు గట్టిపడ్డాయేమో అడగమని ఒకరు చెప్పారు. వాళ్లకు చాలా థ్యాంక్స్.

దేవరకొండ నుంచి నల్లగొండ తీసుకెళ్లి గుండె డాక్టరుకు చూపించాం. పెద్ద ధమని సాగే గుణం పోతే గుండె ప్రతిసారీ ఎక్కువ ఒత్తిడి మీద రక్తం పంపాలి, ఏళ్ల తరబడి అలా చేసీ చేసీ గుండె కండ మందమవుతుంది, అప్పుడు పిండటం బాగానే ఉన్నా వదులై రక్తం నింపుకోవడం కష్టమవుతుంది, ఈఎఫ్ ఒక్కటే చూస్తే ఇది దొరకదు అని ఓపిగ్గా చెప్పారు. మెడ, తొడ దగ్గర నాడి చూసి, నాడి అల నాళాల్లో ఎంత వేగంగా వెళ్తుందో కొలిచే పరీక్ష ఉంది, సెకనుకు 10 మీటర్లు దాటితే నాళాలు గట్టిపడ్డట్టే, కానీ దాంతోనే హార్ట్ ఫెయిల్యూర్ (గుండె ఒంటికి సరిపడా పని చేయలేకపోవడం) అని తేల్చరట. అందుకే ఎకోలో గుండె నిండే తీరు మళ్లీ చూసి, గుండె మీద ఒత్తిడి పెరిగితే రక్తంలో పెరిగే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే పదార్థానికి రక్తపరీక్ష చేయించారు. 125 లోపుంటే ఈ జబ్బు అవకాశం తక్కువ, అమ్మకు 840 వచ్చింది.

నీరు తగ్గే మాత్రతో పాటు డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర కూడా రాశారు. షుగర్ లేకుండా షుగర్ మాత్ర ఎందుకని అమ్మకు ఒకటే టెన్షన్, ఈ రకం గుండె జబ్బుకూ వాడతారని నచ్చజెప్పాం. వాపు తగ్గి కాలి కడియాలు మళ్లీ వదులుగా తిరుగుతున్నాయి. ఉప్పు తగ్గించమంటే మాత్రం మామిడికాయ తొక్కు దగ్గరే గొడవ. వచ్చే నెల కిడ్నీ, పొటాషియం పరీక్షలున్నాయి.